బుగ్గలో నీలి దీపం

నమోదు 201

రిపేరు కొట్లో కూర్చున్నవాడు ఏ పూట ఏం చేశాడో రాసి పెట్టాలని రూలు. రాసింది ఎవరైనా చదవాలని మాత్రం రూలు లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. పేరు గేదెల సింహాద్రి. చదువు సగంలో ఆపేశాను. పూర్తిగా చదివినవాళ్లు పైఅంతస్తులో కూర్చుని గొట్టాలు తయారు చేయిస్తున్నారు. అవి కిందికి దిగీ దిగకముందే చచ్చి నా బల్ల మీద పడుతున్నాయి.

కొత్త సరుకొచ్చింది. పెట్టె మీద ‘శ్వాసమిత్ర, మెరుగుపరచినది’ అని బంగారు రంగు అక్షరాలు. మెరుగుపడింది ఆ అక్షరాలొక్కటే. ఒక గొట్టం విప్పి చూశాను. కాయిల్ మధ్యలో దూదిని తలగడలో కుక్కినట్టు కుక్కారు. అంత బిగిస్తే మందునీళ్లు దాంట్లోకి ఎలా దిగుతాయి? దిగవు. పొడి దూది మాడుతుంది. పీల్చినవాడికి మందు ఆవిరికి బదులు, ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన చొక్కా కంపు తగులుతుంది. ట్యాంకు అడుగున రబ్బరు రింగు పక్కకి జరిగి నలిగిపోయింది, అందుకని కారుతోంది. బ్యాటరీకి తగలాల్సిన పిన్ను లోపలికి కూరుకుపోయింది. అది వేసినవాడి నడుముకి మొలతాడు కూడా నిలవదు.

దూది చిటికెడు పీకాను. రింగు తీసి, తడిచేసి, మళ్లీ గాడిలో కూర్చోబెట్టాను. పిన్నుని సూదిమొనతో పైకి లేపాను. గొట్టం బతికింది.

మా గుల్లలో ఈ గొట్టం సరదా వస్తువు కాదు. రాయి లోపల తొలుచుకున్న ఊరు మాది. తొలిచే చోట తెల్ల దుమ్ము లేస్తుంది. ఊపిరితిత్తులకి సున్నం కొట్టినట్టు పేరుకుంటుంది. పూటపూటకీ మందు ఆవిరి పీలిస్తేనే ఛాతీ వదులవుతుంది. పాలు మానిన పిల్ల దగ్గర్నుంచి అందరి మెడలోనూ తాడుకి గొట్టం వేలాడుతుంది. పీల్చినప్పుడల్లా దాని తోక కొసన నీలి దీపం వెలుగుతుంది.

నాణ్యత పరిశీలకుడు చక్రపాణి సారు నుంచి ఒక ప్రకటన కూడా వచ్చింది. ‘వినియోగదారులు అవసరానికి మించి గట్టిగా పీల్చడం వల్లనే లోపాలు తలెత్తుచున్నవి.’ గట్టిగా పీల్చక దానికి జోలపాట పాడాలా?

నమోదు 204

దాలమ్మత్త వచ్చింది. మా నాన్నకి అక్క, నాకు మేనత్త. ఏరుడు సావట్లో పని. పట్టా మీద కదిలి వచ్చే రాళ్లలోంచి పనికొచ్చేవి ఏరి పక్కన పడేసే ముసలమ్మల్లో ఒకతె.

"ఒరె సింవాద్రీ, మల్లీ సచ్చిందిరా నీ గొట్టం."

"నాది కాదు, కంపెనీది. నువ్వేటి సేసినావు దాన్ని?"

"నానేటి సేత్తాన్రా? నోట్లో ఎట్టినాను, పీల్సినాను, టప్పున ఆరిపోనాది."

"పీల్సినావా, నమిలినావా?"

"నమల్డానికి పళ్లెక్కడున్నాయిరా సచ్చినోడా!"

నవ్వాను కానీ నవ్వే సంగతి కాదు. ఆమెకిది రెండో గొట్టం. మూడోది కూడా చెడితే, మనిషికే గొట్టం వాడే తెలివి లేదని తేల్చి మాస్కుల గదికి పంపిస్తారు. అక్కడ మొహానికి మాస్కు బిగించి, దాని పైపుని గోడకి తగిలించి, వరసగా కూర్చోబెడతారు. ఆవిరి దానంతటదే వస్తుంది. ఊపిరికి ఏ ఢోకా లేదు. తిండి వేళకి తప్ప మాస్కు తియ్యరు, అంతే. మాస్కులోంచి మాట బయటికి రాదు. దాలమ్మత్త నిద్రలో కూడా ఎవరితోనో ఒకరితో తగువాడే మనిషి.

"మూతికి గుడ్డ కట్టీసి గోడకి కూకోబెడితే నానెలాగుంతాన్రా?" అంది. "మాటాడకపోతే నాకు కడుపుబ్బీత్తాది."

తనే నవ్వింది. కానీ గొట్టం నా చేతిలో పెట్టాక వేళ్లు వెంటనే వదల్లేదు.

నమోదు 206

అత్త గొట్టం విప్పాను. దూది బాగుంది, రింగు బాగుంది, పిన్ను బాగుంది. అడుగున ఉండే చిన్న బోర్డు మాత్రం పచ్చగా పాచి పట్టినట్టు కుళ్లిపోయింది. సావట్లో మరో ఏడుగురు ముసలమ్మల గొట్టాలు కూడా తెప్పించి చూశాను. అన్నిటికీ అదే జబ్బు. కుర్రవాళ్ల గొట్టాల్లో వెతికితే ఒక్క బోర్డుకీ ఆ పచ్చదనం లేదు.

నాకు విషయం అర్థమైపోయింది. పనికిరాదని తేల్చేసిన సరుకంతా ఏరి, నోరు తప్ప ఏ బలమూ లేని ముసలమ్మలకి అంటగడుతున్నారు. ఆ మాటే రాసి, మర్యాద కోసం ఒక్క తిట్టు మాత్రం తీసేసి, పైఅంతస్తుకి పంపాను.

చక్రపాణి సారు స్వయంగా దిగొచ్చాడు. ముడుత పడని చొక్కా, మెడలో బంగారు పూత గొట్టం. వాళ్లవి వేరే రకంలెండి.

"సింహాద్రి గారూ, అందరికీ ఒకే సరుకు. లోపం వాడకందారుల్లో ఉంది."

"ఎనిమిది మందిలోనూ ఒకే లోపమా సార్?"

"వృద్ధాప్యం" అన్నాడు, మందు కనిపెట్టినవాడిలా. "అన్నట్టు, దీన్ని కాస్త శుభ్రం చేసి పెట్టండి. రేపు పెద్దల సమావేశం."

బంగారు గొట్టం నా చేతిలో పెట్టి వెళ్లాడు. పాపం, నమ్మకస్తుడు.

మా వంటగదుల్లో చేపలుండవు. చేపల రుచి మాత్రం సీసాల్లో దొరుకుతుంది. ఎండుచేప రుచి ఒక్క చుక్క వేస్తే కుండెడు పులుసుకి సరిపోతుంది. నేను నాలుగు వేశాను.

నమోదు 207

సమావేశంలో సారు మొదటి దమ్ము వదలగానే పెద్దలు కుర్చీలు జరుపుకున్నారట. రెండో దమ్ముకి కిటికీ కోసం వెతికారట. రాయి లోపలి ఊరికి కిటికీలెక్కడివి? బంగారు గొట్టం ఎన్నిసార్లు కడిగినా కంపు వదలక దాన్ని పారేసి, మేము వాడే మెరుగుపరచిన రకంలోంచే ఒకటి తీసుకున్నాడట. పొద్దుట్నుంచీ ఇదే తలుచుకుని నవ్వాను.

మధ్యాహ్నానికి నా నవ్వు దిగిపోయింది. ఆర్డరొచ్చింది. గొట్టాలు పాడుచేసుకున్నవాళ్లకి నెలాఖరున పెట్టే పరీక్షని ఎల్లుండికి జరిపారు. ముసలమ్మలు ఎనిమిది మందీ సారు ముందు నిలబడి పీల్చాలి. ఎవరి గొట్టం ఆరిపోతే వాళ్లకి అక్కడికక్కడే మాస్కు. అందరికంటే ముందు పేరు నా మేనత్తది. కంపు కొట్టింది వాడి నోరు, దెబ్బ తగిలింది అత్తకి.

కొత్త బోర్డులు వేశాను. మళ్లీ కుళ్లవని ఒట్టేసి చెప్పగలనా? చెప్పలేను. ఎందుకు కుళ్లుతున్నాయో తెలిస్తే కదా.

నమోదు 208

తెలిసింది. రాయడానికి కూడా సిగ్గేస్తోంది.

ఏరుడు సావట్లో ఛార్జింగు పెట్టె పాడైందంటే వెళ్లాను. పట్టా నడుస్తోంది. ముసలమ్మలు ఎనిమిది మందీ కొంగుని నోటికి అడ్డంగా చుట్టుకుని, రెండు చేతులా రాళ్లు ఏరుతూ, ఆపకుండా కబుర్లాడుకుంటున్నారు. నేను పెట్టె విప్పి ఒక తీగని ఇంకో తీగకి తగిలించాను. తగిలించాల్సింది దానికి కాదు. సావడి మొత్తం దీపాలు పోయాయి.

చీకట్లో ఎనిమిది బుగ్గలు నీలంగా వెలుగుతున్నాయి.

బుగ్గ మీద కాదు. బుగ్గ లోపల. సన్నని నరాలతో సహా కనిపిస్తున్నాయి, ఎర్ర మందారం రేకుని దీపానికి అడ్డం పెట్టినట్టు. ఒక్కో దమ్ముకి ఒక్కో బుగ్గ వెలిగి ఆరుతోంది. చీకటి కదాని కొంగులు దించేసినట్టున్నారు. కబుర్లు మాత్రం ఆగలేదు.

 తడుముకుంటూ అత్త బుగ్గ దగ్గరికి వెళ్లాను.

"అత్తా, నోరు తెరు."

తెరిచింది. గొట్టం తోక నాలిక మీద కూర్చుని వెలుగుతోంది. పీల్చాల్సిన మూతి బయట, నా వైపు చూస్తోంది.

"ఓలమ్మ! తిరగేసి ఎట్టుకున్నావేటే!"

"తిరగెయ్యడమేట్రా? ఇలాగే కదా ఎట్టుకుంతారు. అడ్డపొగ."

"అడ్డపొగేటి?"

"మా అమ్మమ్మ సముద్రపొడ్డునుండీటప్పుడు సుట్టని ఇలాగే తాగీదంట. నిప్పున్న కొస నోట్లోకి. గాలికి ఆరదు, సీర మీద బూడిద పడదు. ఓడెక్కి ఈ గుల్లలోకి వచ్చినాక సుట్ట నేదు, ఈ గొట్టం ఇచ్చినారు. ఇదీ అలాగే పీల్సడం నేర్పింది."

"మరి నేనెప్పుడూ సూణ్ణేదే!"

"మొగోల్ల ముందు తాగుతారేట్రా బుద్ధినేనోడా?"

పక్కనున్న ఎర్నమ్మ అందుకుంది. "పైగా దీపం బయటుంటే ఆ కన్ను సూసీత్తాది కాదేటి, బావూ!"

కన్నంటే సావడి కప్పుకి వేలాడే కెమెరా. పని వేళలో నీలి దీపం ఎక్కడ వెలిగినా లెక్క రాసుకుని సగం పూట కూలి కోస్తుంది. గంట కొట్టేదాకా ఊపిరి బిగపట్టుకోవాలన్నది పైఅంతస్తు లెక్క. ఈ ముసలమ్మలు ఆ దీపాన్నే నోట్లో దాచేశారు. చేతులు పనిలో, దీపం బుగ్గలో, మాట బయట.

దీపాలు వచ్చాయి. కొంగులు మళ్లీ నోటికి అడ్డం వచ్చాయి. నేను మగవాణ్ని కదా.

నమోదు 209

కొట్టుకొచ్చి కూర్చుని ఆలోచించాను. తోక వైపు గాలి రంధ్రాలున్నాయి. అక్కణ్నుంచి పీలిస్తే ఆవిరి బోర్డు మీదుగా వస్తుంది. దానికి తోడు ఉమ్మి దిగుతుంది. బోర్డు కుళ్లక ఏం చేస్తుంది? ఇన్నాళ్లూ నేను కంపెనీని తిట్టిన తిట్లన్నీ వృథా అయ్యాయనుకుని చాలా బాధపడ్డాను.

అవ్వలేదు. అత్త దగ్గర వాళ్లమ్మ వాడిన పాత గొట్టం ఒకటుంటే తెచ్చి విప్పాను. బోర్డు మీద గోళ్ల రంగు పూసినట్టు మెరిసే పూత ఉంది. ఆవిడ బతికినంత కాలం అడ్డపొగే పీల్చింది, పూత కింద బోర్డు కొత్తగానే ఉంది. ఆ పూత ఖర్చునే ఇప్పుడు మిగుల్చుకున్నారన్నమాట. మెరుగుపరచినది!

కానీ ఈ సంగతి చక్రపాణికి చెబితే పూత గురించి వినడు. ‘తిరగేసి పీలుస్తున్నారు’ అన్న ముక్క పట్టుకుని ఎనిమిది మందినీ పరీక్ష లేకుండానే మాస్కుల గదికి తోలేస్తాడు.

పోనీ అత్తకి తిన్నగా పీల్చడం నేర్పుదామని పిలిచాను.

"ఈ కొస నోట్లో ఎట్టుకో."

పెట్టుకుంది. ఒక దమ్ము లాగి, దగ్గి, కళ్లనీళ్లు పెట్టుకుని గొట్టాన్ని నా మొహాన కొట్టింది.

"సల్లగుంది. ఏటీ నేదు. సచ్చినోడి ఏలు సీకినట్టుంది."

"రేపొక్క పూట ఓర్సుకోయే!"

"ఓర్సుకుంతాన్లే" అంది. ఇంకోసారి తీసుకుని, నాతో ఎర్నమ్మ కోడలి గురించి చెబుతూ చెబుతూ, మూడో మాటకల్లా తిరగేసి పెట్టుకుంది. పెట్టుకున్నట్టు తనకే తెలీదు. జీవితమంతా కుడిచేత్తో అన్నం తిన్నదాన్ని ఒక్క రాత్రిలో ఎడంచేత్తో తినమంటే ఎలా కుదురుతుంది?

మనిషిని తిప్పడం నా వల్ల కాదు. మిగిలింది గొట్టమే.

జోళ్ల అడుగుకి పూసే జిగురుని పల్చగా మరిగించి బోర్డులకి పూశాను. ఇక ఉమ్మి కాదు, కుండెడు గంజి పోసినా దిగదు. తర్వాత పై తొడుగు ఊడబీకాను. దాని మీద ఒక బాణం గుర్తు, ‘ఈ వైపు నోటిలో ఉంచవలెను’ అన్న అక్షరాలు ఉంటాయి. తొడుగుని తలకిందులు చేసి మళ్లీ ఎక్కించాను. కొంచెం బిగువుగా పట్టింది, కానీ పట్టింది. ఇప్పుడు బాణం తోకని చూపిస్తోంది. అత్త పద్ధతే కంపెనీ పద్ధతయింది.

ఎనిమిది గొట్టాలకీ అలాగే చేసి పడుకున్నాను. పైఅంతస్తువాడికి గొట్టం తెలీదు, బాణం మాత్రమే తెలుసు. ఎంతైనా చదువుకున్నవాడు కదా, రాసిందే నమ్ముతాడు.

నమోదు 210

పరీక్ష. సావడి మధ్యలో కుర్చీ వేసుకుని చక్రపాణి కూర్చున్నాడు. మనిషి దగ్గర ఇంకా కొంచెం ఎండుచేప వాసన ఉంది. పక్కన ఇద్దరు నౌకర్లు మాస్కు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. అత్త ఆ మాస్కు వంక చూసింది. నేను పుట్టాక ఆమె నోట మాట లేకపోవడం అదే మొదటిసారి.

"బాణం గుర్తు చూసుకుని పీల్చండి" అన్నాడు సారు.

అత్త గొట్టం అందుకుని, బాణం వంక చూడను కూడా చూడకుండా, అలవాటుకొద్దీ తోక నోట్లో పెట్టుకుంది. కొంగు అడ్డం పెట్టుకోబోయింది.

"కొంగు తియ్యండి. కనబడాలి."

తీసింది. సిగ్గుతో మెడ ఎర్రబడింది. చక్రపాణి వంగి బాణం చూశాడు. నోటి వైపే ఉంది. మళ్లీ చూశాడు. నుదురు ముడిపడింది.

"దీపం వెలగట్లేదేం?"

ఇది నేను ఆలోచించలేదు. దీపాలు బాగా వెలుగుతున్న సావట్లో బుగ్గ లోపలి వెలుగు బయటికి కనబడదు.

"అదేంటి సార్" అన్నాను, ఆశ్చర్యపోయి. "మెరుగుపరచిన రకంలో దీపాన్ని లోపలి వైపుకి ఇచ్చారు కదండీ, పక్కవాళ్ల కళ్లలో గుచ్చుకోకుండా! పైనుంచే వచ్చిన సలహా అన్నారు. తమరిదేనేమో అనుకున్నాం."

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తెలీదంటే పరువు పోతుంది. తెలుసంటే పేరొస్తుంది.

"అవునవును" అన్నాడు. "ఆ సూచన మాదే."

అత్త రెండు ముక్కుల్లోంచీ తెల్లగా ఆవిరి వదిలింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. గొట్టం ఆరలేదు. తర్వాత ఎర్నమ్మ. తర్వాత మిగతావాళ్లు. మాస్కు పట్టుకున్న నౌకర్లకి చేతులు నొప్పెట్టాయి, కిందకి దించారు.

"చూశారా సింహాద్రి గారూ, సరుకులో లోపమేమీ లేదు" అని లేచాడు సారు. వెళ్తూ వెళ్తూ అత్త చేతిలో గొట్టం తీసుకున్నాడు. "దీన్ని ఆమోదించిన నమూనాగా పైకి పంపిస్తాను. ఆమెకి ఇంకోటి ఇవ్వండి."

వాడు గుమ్మం దాటాడో లేదో అత్తకి మాట తిరిగొచ్చింది. ఆమె అన్నది ఇక్కడ రాయను. అతని తల్లిదండ్రుల ప్రస్తావన ఉంది.

నమోదు 238

కొత్త సరుకొచ్చింది. పెట్టె మీద ‘మరింత మెరుగుపరచినది’.

గొట్టం చేతిలోకి తీసుకున్నాను. బాణం తోక వైపు చూపిస్తోంది. అన్నిటికీ. నేను చేసిన నమూనా చూసి, పైఅంతస్తు బంగారు గొట్టాలతో సహా గుల్లలోని ప్రతి గొట్టానికీ తొడుగు తిరగేశారు. ఆత్రంగా విప్పి చూశాను. దూది మునుపటిలాగే కుక్కారు. పిన్ను మునుపటిలాగే కూరుకుపోయింది. బోర్డు మీద పూత లేదు. నమూనాలో నేను పెట్టిన రెండు మార్పుల్లో పనికొచ్చేది వదిలేసి, వేళాకోళాన్ని మాత్రం అచ్చుగుద్దినట్టు దించారు.

దాంతోపాటు ప్రకటన. ‘అందరూ బాణం గుర్తు ప్రకారమే నోటిలో ఉంచుకొనవలెను. ఉల్లంఘించినవారికి కూలి కోత.’

ఊరంతా ముసలమ్మలైంది. కుర్రాళ్లు దగ్గలేక చచ్చారు. నాలికలు చురుక్కుమన్నాయి. ఒక్కొక్కటిగా బోర్డులు పచ్చబడుతున్నాయి. నేను కూర్చున్న చోటునుంచి లేవకుండా, తెల్లారితే గుమ్మం ముందు వరస కట్టిన కిందివాళ్లందరి బోర్డులకీ జిగురు పూస్తున్నాను. పైఅంతస్తువాళ్ల గొట్టాలు కూడా వస్తున్నాయి. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో జిగురు అయిపోతోంది.

అందరి దీపాలూ బుగ్గల్లో ఉన్నాయి కనక కెమెరా కన్నుకి ఒక్క దీపమూ దొరకలేదు. పని వేళల్లో పీల్చడం పూర్తిగా ఆగిపోయిందని పైన సంబరం చేసుకుని, చక్రపాణికి పతకం ఇచ్చారట.

నమోదు 251

పతకం పెట్టుకునే వచ్చాడు. కొట్లో ఇంకెవరూ లేరని చూసుకుని తలుపు మూశాడు. జేబులోంచి గొట్టం తీశాడు. బోర్డు తమలపాకంత పచ్చగా ఉంది.

"ఇది రెండోది" అన్నాడు మెల్లగా. ఛాతీలోంచి ఈల వినిపిస్తోంది.

"మూడోది చెడితే మాస్కు కదండీ సార్."

"ఆ నిబంధనని ఎత్తేస్తున్నారు. సాంకేతిక కారణాలు." అంటే పైఅంతస్తులో చాలామందికి రెండోది అయిపోయిందన్నమాట. "కానీ అది కాదు. నాకు పీల్చడం రావట్లేదు. నాలిక కాలుతోంది. మీ మేనత్త గారు నేర్పుతారని విన్నాను."

నేర్పుతోంది మరి. రోజూ పని దిగాక సావట్లో. మొన్న పైఅంతస్తు అకౌంటెంట్లు నలుగురు వచ్చారు.

తీసుకెళ్లాను. దోవలో నా దగ్గర జిగురు ఎలాగో దొరికింది, అతని బోర్డుకి పూశాను. ఛాతీ ఈల వేస్తున్నవాడితో వేళాకోళమాడేంత నీచుణ్ని కాదు. ఎండుచేప సీసా మాత్రం జేబులోనే ఉంది.

అత్త అతన్ని బల్ల మీద కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"నాలిక కిందికి ఒంచు బావూ. అదీ. అంగిటికి తగలనీకు. ఉమ్మి మింగీ, గొట్టంలోకి ఒదిలీకు. ఇప్పుడు నెమ్మదిగా లాగు. గట్టిగా లాగొద్దని నువ్వే కదా రాసినావు? ఆఁ!"

చక్రపాణి కళ్లు మూసుకుని లాగాడు. ఎర్నమ్మ వెళ్లి సావడి దీపం ఒకటి ఆర్పింది, సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి. అతని బుగ్గ నీలంగా వెలిగింది. ఛాతీలో ఈల తగ్గింది. ఏదో చెప్పబోయాడు. గొట్టం నోట్లో ఉంది, మాట రాలేదు. ఊఁ, ఊఁ అన్నాడు.

"మాట తరవాత వొస్తాది బావూ, ముప్పై ఏల్లు పడతాది" అంది అత్త. తన గొట్టం కూడా నోట్లో పెట్టుకుని, అతని ఎదురుగా స్థిమితంగా కూర్చుంది. "అందాకా నాను సెప్తాను, నువ్వు ఇను. ఈ ఎర్నమ్మ కోడలుంది సూడు..."